పెళ్లి కెమెరాతో మడ అడవికి

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలం. బీఎస్సీ జువాలజీ చదివాను, వయసు 24. మూడేళ్లుగా ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర రెండో కెమెరా చేస్తున్నాను. సొంతంగా ఒక క్రాప్ సెన్సర్ కెమెరా, 18–55, 70–300 లెన్సులు ఉన్నాయి. అడవి జంతువుల మీద, పర్యావరణం మీద సినిమాలు తీయాలని ఉంది. పని మానేసి కోర్సులో చేరాలా? దాచుకున్న డబ్బుతో పెద్ద లెన్సు కొనాలా? అభయారణ్యంలోకి కెమెరాతో వెళ్లడానికి అనుమతి ఎలా వస్తుంది? ఈ పనితో బతకవచ్చా? ఇంట్లో గ్రూప్స్ రాయమంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: పని మానకండి, లెన్సు కొనకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నాం. ఈ రంగంలోకి రావాలనుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండు చోట్లే. జీతం వదులుకుంటారు, ఉన్నదంతా పెట్టి 600 ఎంఎం లెన్సు కొంటారు. ఆ తర్వాత దాంతో ఏ కథ చెప్పాలో తెలియక నలుగురూ తీసే పిట్టల ఫొటోలే తీస్తూ ఏడాది గడిపేస్తారు. మీకు ముందు కావలసింది ఒక విషయం. అది మీ ఇంటికి గంట దూరంలోనే ఉంది.

విషయానికి వెళ్లేముందు ఈ పనికున్న పేరు సంగతి తేల్చుకుందాం. మడ కొమ్మ మీద లకుముకి పిట్ట, వెనకంతా మెత్తటి మసక: ఇది మంచి ఫొటోయే. అదే పిట్ట వేటాడే కాలువలోకి రొయ్యల చెరువు నీళ్లు వదులుతున్న గొట్టం, ఆ గొట్టం పక్కనే వల విసురుతున్న మనిషి, ఆ వలలో పడిన నాలుగు చేపలు, అన్నీ కలిసి ఒక వరుసగా వస్తే అది సంరక్షణ ఫొటోగ్రఫీ. 2005లో అలాస్కాలోని యాంకరేజ్‌లో జరిగిన ప్రపంచ వైల్డర్‌నెస్ సదస్సులో ఈ పేరు స్థిరపడింది. ఫొటోగ్రాఫర్ క్రిస్టీనా మిట్టర్‌మైర్ చొరవతో ఈ పని చేసే ఫొటోగ్రాఫర్ల అంతర్జాతీయ సంఘం కూడా అక్కడే పుట్టింది. తేడా ఒకే ప్రశ్నలో ఉంది: ఈ బొమ్మ ఎవరి చేతికి వెళ్తే ఏం మారుతుంది? షట్టర్ నొక్కకముందే దీనికి జవాబు ఉండాలి.

మన దేశంలో ఇలా మారిన సందర్భాలున్నాయి. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపలను కాలేయం నూనె కోసం, మాంసం కోసం చంపుతున్న తీరును వన్యప్రాణి చిత్రాల దర్శకుడు మైక్ పాండే చిత్రీకరించారు. 2001 మేలో ఆ చేప వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే జాబితా అయిన షెడ్యూల్ 1లోకి ఎక్కింది. ఈ చట్టం కింద రక్షణ పొందిన మొదటి చేప అదే. 2012 అక్టోబరులో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అముర్ డేగలను వలలు కట్టి పడుతున్న వీడియో బయటికి వచ్చింది. రోజుకు 12 వేల నుంచి 14 వేల దాకా చంపుతున్నారని అప్పటి అంచనా. మరుసటి ఏడాదికల్లా అదే ఊళ్లవాళ్లు ఆ వేట మానేశారు. తీసినవాళ్లు వీడియోను నెట్‌లో పెట్టి ఊరుకోలేదు. ఊరి పెద్దలు, చర్చి, ప్రభుత్వం, అందరి ముందూ పెట్టారు. వేటగాళ్లను రాక్షసుల్లా చూపించి ఉంటే ఆ ఊళ్లు తలుపులు మూసుకునేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ విషయంలో బాగా అవసరపడుతుంది.

కోరింగ మడ అడవి పక్కనే ఉన్నారు కాబట్టి చేపలు వేటాడే బావురుపిల్లి మీదో నీటికుక్కల మీదో మీ మనసు పోయి ఉంటుంది. వాటిని రెండో సినిమాకు ఉంచుకోండి. మొదటిది సముద్ర తాబేలు మీద తీయండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ వరకు మీ తీరంలో ఇసుక ఎక్కి గుడ్లు పెడతాయి. ఆ నెలల్లోనే చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. కాలం ముందే తెలుసు, చోటు తెలుసు, మామూలు తీరంలో నడవడానికి అభయారణ్యం అనుమతి అక్కర్లేదు. హోప్ ఐలాండ్ మాత్రం కోరింగ అభయారణ్యం కిందికి వస్తుంది, దాని సంగతి వేరు. అన్నిటికంటే ముఖ్యం, ఈ కథలో మనుషులున్నారు. వాళ్లు మాట్లాడేది మీ భాష. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చిన బృందానికి నెల పట్టే నమ్మకం మీకు ఒక పూటలో దొరుకుతుంది.

కథలో ముడి ఎక్కడుందో చూడండి. తాబేలు గాలి పీల్చే జంతువు. ట్రాల్ వలను గంటల తరబడి నీళ్లలో ఈడుస్తారు. అందులో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. వల మెడలో ఊచల చట్రం, దాని పక్కన తప్పించుకునే కంత ఉండే పరికరాన్ని తాబేలు మినహాయింపు సాధనం అంటారు, బోటువాళ్ల నోట అది టెడ్. రొయ్య ఊచల సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు కంతలోంచి బయటపడుతుంది. దాంతోపాటు కాస్త పట్టుబడి కూడా పోతుందన్నది బోటు యజమానుల భయం. తూర్పు తీరంలో ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా చచ్చేది అంతకుముందు నెలల్లో. టెడ్‌లు లేవన్న కారణంతోనే సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా 2019 నుంచి కొనడం లేదు. అంటే ఇందులో తాబేలుకే కాదు, బోటు యజమానికీ నష్టం ఉంది. మీ సినిమా నిలబడాల్సింది ఇక్కడే. చచ్చిన తాబేలు దగ్గర మొదలై, విషాద సంగీతంతో ముగిస్తే ఎవరూ ఏమీ చేయరు.

ఇప్పుడు పని. డిసెంబరులోనే ఐదు కిలోమీటర్ల తీరం ఒకటి ఎంచుకోండి. మధ్యలో నది మొగ లేనిది, రెండు చివర్లా గుర్తుపట్టే చెట్టో గుడో ఉన్నది అయితే మంచిది. వారానికి ఒకసారి, అదే రోజు, తెల్లవారగానే ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి. ఆటుపోట్లు మన తీరంలో రోజుకు రెండుసార్లు, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆ పట్టిక ముందే చూసుకుని, నీళ్లు తగ్గే పాటు తెల్లవారుజామున పడే వారం చూసి మొదలుపెట్టండి.

కళేబరం కనిపిస్తే నాలుగు ఫొటోలు తప్పనిసరి: పైనుంచి మొత్తం పెంకు, పక్కనుంచి, తల దగ్గరగా, చుట్టూ తీరం కనిపించేలా దూరంగా. మొదటి ఫొటోలో పెంకు పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు పడాలి. నోటుపుస్తకంలో తేదీ, గంట, జీపీఎస్, పెంకు మీద దెబ్బలున్నాయా, మెడకో రెక్కకో వల ముక్క చుట్టుకుందా అన్నవి రాయండి. ముట్టుకోవద్దు, పెంకు ముక్క కూడా ఇంటికి తేవద్దు. షెడ్యూల్ 1 జంతువు చచ్చినా అది ప్రభుత్వానిదే. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, అదే కళేబరాన్ని రెండు వారాలూ లెక్కపెట్టడం. పెంకు మీది పగుళ్లు, పలకల అమరిక ఫొటోతో సరిపోల్చుకుంటే అది తప్పుతుంది. పన్నెండు వారాలు ఇలా నడిస్తే చేతిలో ఉండేది ఫొటోలు మాత్రమే కాదు, ఒక లెక్క. అటవీ శాఖవాళ్లయినా పరిశోధకులయినా పత్రికలవాళ్లయినా ఆ లెక్క కోసమే మీ దగ్గరికి వస్తారు.

గుడ్లు పెట్టే తాబేలును తీయడం ఇంకో ఎత్తు. ఒంటరిగా వెళ్లకండి. తాబేలు గుడ్లను కాపాడే అటవీ శాఖ సంరక్షణ కేంద్రాల తరఫున రాత్రిళ్లు తీరం తిరిగేవాళ్లు ఉంటారు. రేంజ్ ఆఫీసర్‌ను కలిసి వాళ్లతో నడవడానికి అడగండి. తాబేలు నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు అలికిడైనా వెలుగు కనిపించినా వెనక్కి తిరిగి పోతుంది. గుడ్లు రాలడం మొదలయ్యేదాకా దూరంగా కూర్చోవాలి. ఆ తర్వాత కూడా వెనక వైపు నుంచే, పాకుతూ వెళ్లాలి. ఫ్లాష్ వద్దు, ఫోన్ టార్చి వద్దు. కెమెరాలో ఆటోఫోకస్ కోసం వెలిగే నారింజ దీపాన్ని మెనూలోకి వెళ్లి ఆపేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే. వెనక తెర వెలుగు పూర్తిగా తగ్గించండి. తలకు కట్టే మసక ఎర్ర దీపం ఒక్కటి చాలు. లెన్సు 35 ఎంఎం ఎఫ్ 1.8 అయితే వెన్నెల రాత్రి పని జరుగుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/25, ఐఎస్ఓ 6400 నుంచి 12800 దాకా. షట్టర్ అంత నెమ్మదిగా ఉంటే కదలిక కాస్త సాగినట్టు కనిపిస్తుంది, తాబేలు నడకకు అది ఇబ్బంది కాదు. ఫొటోలో గరుకు వచ్చినా ఫరవాలేదు, తాబేలు తిరిగిపోతే ఆ రాత్రి మీరు చేసింది హాని.

ఒక తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది. పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో బయటికి వస్తాయి. అంటే ఫిబ్రవరి మొదట్లో మీరు చూసిన గూడు పిల్లలయ్యేది మార్చి చివర్లో. ఈ లెక్క ముందే వేసుకుంటే ఒకే గూడును మొదటి నుంచి చివరిదాకా తీయవచ్చు. పిల్లలను సముద్రంలోకి వదిలే ఉదయం కెమెరాను చిన్న ఇసుక సంచి మీద, నేలకు అంగుళం ఎత్తులో పెట్టండి. మీరు పిల్లలకూ నీళ్లకూ మధ్య నిలబడకండి. ఎక్కడ కాలు పెడుతున్నారో చూసుకోండి. తీరంలో లెన్సు మార్చవద్దు. సెన్సర్ మీద ఒక ఇసుక రేణువు పడితే ఆ నెల సినిమా మొత్తం ఒకే చోట నల్ల చుక్క ఉంటుంది.

పెళ్లి పని మీకు చాలా నేర్పింది, ఆ సంగతి చిన్నగా చూడకండి. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కాబట్టి ముందే చోటు పట్టుకోవడం, మసక వెలుగులో ఎక్స్‌పోజర్ సర్దడం, రెండు కార్డుల్లోకి రికార్డు చేయడం, పరాయి మనుషుల్ని బెదరకుండా తీయడం, ఇవన్నీ ఇక్కడ పనికొస్తాయి. వదులుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ప్రతిదీ గింబల్ మీద తేలించడం, ప్రతిదీ స్లో మోషన్ చేయడం, ప్రతి ముఖం వెనకా మసక చేయడం ఇక్కడ పనికిరావు. పర్యావరణ చిత్రంలో వెనక ఉన్న చోటే సగం కథ. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి, కదపకండి, ప్రతి షాటూ కనీసం 10 సెకన్లు పట్టండి. వల లాగే మనిషిని ఐదు రకాలుగా తీయండి: తీరమంతా కనిపించే దూరం, మనిషి, చేతులు, ముఖం, ఆయన చూస్తున్న వస్తువు. ఈ ఐదూ ఉంటే ఎడిటింగ్ బల్ల మీద చిక్కు రాదు. అందమైన డ్రోన్ షాట్లు పాతిక ఉన్నా చేతుల షాట్ ఒక్కటి లేకపోతే ఆ సన్నివేశం కుదరదు.

డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలి. మొదట కెమెరాను సాఫీగా తిప్పే ఫ్లూయిడ్ హెడ్ ఉన్న గట్టి ట్రైపాడ్. పొడవు లెన్సుతో సముద్రపు గాలిలో తేలిక ట్రైపాడ్ వణుకుతుంది, ఆ వణుకును కంప్యూటర్లో పూర్తిగా తీసేయలేం. తర్వాత ధ్వని: చొక్కాకు పెట్టే వైర్‌లెస్ మైకు ఒకటి, చిన్న రికార్డరు ఒకటి, మైకు మీద బొచ్చు తొడుగు. తీరపు గాలికి నురుగు తొడుగు ఏ మూలకూ సరిపోదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మాట పెద్దగా వచ్చినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్ దాటకుండా ఉంచండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు ఊరికే ఆ చోటి చప్పుడు రికార్డు చేయండి. దూరం నుంచి లెన్సుతో తీసిన పిట్టకు కెమెరాలో శబ్దం రాదు, దాని శబ్దాన్ని వేరుగా పట్టుకోవాల్సిందే. మూడోది డిస్కులు. 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ తింటుంది. ఒక సీజన్‌లో 15 గంటలు తీస్తే 675 జీబీ. అందుకే 2 టీబీ డిస్కులు రెండు కొనండి, అవి రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. నాలుగోది ఆ 35 ఎంఎం లెన్సు. పెద్ద లెన్సు మాటెత్తేది వీటి తర్వాతే, అది కూడా మొదట అద్దెకు. మీ 70–300 క్రాప్ సెన్సర్ మీద దాదాపు 450 ఎంఎం చూపునిస్తుంది, మొదటి సినిమాకు అది చాలు.

అన్నట్టు, ఎంత పెద్ద లెన్సయినా ఎండను గెలవలేదు. పొద్దెక్కాక వేడి నేల మీదా బురద మేటల మీదా గాలి సెగలెత్తుతుంది. దూరపు పిట్ట నీళ్లలో ఉన్నట్టు అలలాడుతుంది. దాన్ని ఫోకస్ తప్పిందనుకుని లెన్సును సర్వీసుకు పంపేవాళ్లున్నారు. 9 గంటల్లోపే దూరపు షాట్లు ముగించండి, ఆ తర్వాత దగ్గరికి వెళ్లి తీసేవి తీయండి.

ఉప్పు గాలి, తేమ మీకు ఇంకో పెద్ద శత్రువు. ఇంటికి రాగానే తడి బట్టతో, తర్వాత పొడి బట్టతో ట్రైపాడ్ కాళ్లతో సహా అన్నీ తుడవండి. లెన్సులను తేమ 40–50 శాతం ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టాలి. అది కొనలేకపోతే రబ్బరు మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు తేమ చూపే చిన్న మీటరు వేయండి, జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి. వానాకాలంలో తోలు సంచిలో వదిలేసిన లెన్సులో ఫంగస్ పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద మంచు పడుతుంది కాబట్టి కెమెరాను మూసిన సంచిలోనే అరగంట ఉంచి తీయండి. పడవలో ట్రైపాడ్ వేయకండి, ఇంజను అదురు మొత్తం అందులోకి ఎక్కుతుంది. ఇంజను ఆపించి చేత్తో పట్టుకుని తీయండి. లైఫ్ జాకెట్ వేసుకోండి. పడవ సరంగు వేసుకోకపోయినా మీరు వేసుకోండి.

అనుమతుల దగ్గరికి వద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెక్షన్ 28 కింద అభయారణ్యంలోకి ప్రవేశానికి అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. 2022 సవరణతో అందులో ఫొటోగ్రఫీ పక్కన సినిమా నిర్మాణం కూడా చేరింది, ఆవాసాన్ని మార్చకుండా, దానికీ జంతువులకూ హాని కలగకుండా అన్న షరతుతో. పర్యాటకులకు తెరిచిన చెక్కబాట మీద టికెట్ కొని ఫొటో తీయడం వేరు. మనుషులతో, సామానుతో, తెరవని చోటికి వెళ్లి చిత్రీకరించడం వేరు. రెండోదానికి రెండు మూడు నెలల ముందే రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తులో ఒక పేజీ కథ, తేదీలు, ఎంతమంది, ఏ చోట్లు, పరికరాల జాబితా నంబర్లతో సహా, గుర్తింపు కార్డులు, హాని చేయమన్న హామీ, చివరికి సినిమా ప్రతి శాఖకు ఇస్తామన్న మాట ఉండాలి. మొదట మీ రేంజ్ ఆఫీసర్‌ను, డివిజన్ అధికారిని స్వయంగా కలవండి. పై నుంచి ఫైలు మళ్లీ అభిప్రాయం కోసం వాళ్ల దగ్గరికే వస్తుంది. మీ పన్నెండు వారాల తీరం లెక్క అప్పుడు ఎంత బలమో మీకే తెలుస్తుంది.

చట్టంలో ఇంకొక్క మాట ఫొటోగ్రాఫర్లు తప్పక చదవాలి. అక్కడ వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఎర వేయడం, తరమడం, పక్షుల, సరీసృపాల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. గూడు కనిపించేలా కొమ్మ వంచడం, పిట్ట కోసం దాని కూతను ఫోన్‌లో మోగించడం, కోడిమాంసం పెట్టి పిల్లిని రప్పించడం చేయకండి. ఫొటో బాగా వచ్చినా చేయకండి. గూటి ఫొటో పెట్టి ఊరి పేరు రాయడం కూడా హానే. ఫైల్లోంచి జీపీఎస్ తీసేయండి. నక్షత్ర తాబేళ్లను దొంగలు పట్టుకుపోయే రాయలసీమలో ఒక్క ఫొటో చిరునామా అయిపోతుంది.

డ్రోన్ గురించి కొద్దిగా. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటితే నమోదు సంఖ్య కావాలి. డబ్బు తీసుకుని ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు. కానీ అభయారణ్యం మీద అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఎగరేయకండి. నేలపట్టులో అయినా ఉప్పలపాడులో అయినా గూళ్లున్న చెట్ల మీదుగా అనుమతి ఉన్నా వద్దు. తల్లి లేచిపోయిన రెండు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

మనుషుల అనుమతి కూడా అంతే. మత్స్యకారుల చేత తెలుగులో రాసిన అర పేజీ సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకోండి, చదవడం రాకపోతే చదివి వినిపించి ఆ వినిపించడాన్ని రికార్డు చేయండి. వల్లో తాబేలు పడిందని ఒకాయన నిజాయితీగా చెబితే ఆ ముఖం, ఆ బోటు నంబరు చూపించడం వల్ల ఆయన మీద కేసు పడుతుందేమో ముందు ఆలోచించండి. పడుతుందనుకుంటే ముఖం తీయకండి, చేతులూ గొంతూ చాలు. సినిమా పూర్తయ్యాక మొదట చూపించాల్సింది వాళ్లకే.

ఆ సినిమా 8 నిమిషాలు దాటకూడదు. తెలుగు వ్యాఖ్యానం నిమిషానికి 90 మాటలు మించకుండా, అది కూడా సగం నిడివిలోపే రాయండి, మిగతాది అలలకూ మనుషుల మాటలకూ వదలండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. దాంతోపాటే ఫోన్లలో పంచుకోవడానికి నిలువుగా 90 సెకన్లది ఒకటి, 12 ఫొటోల వరుస ఒకటి తయారుచేయండి. సినిమాను తీరంలో తెర కట్టి వేయండి. బోటు యజమానుల సంఘానికి, మత్స్యశాఖకు, కలెక్టర్‌కు ఒక పేజీ లెక్కతో సహా ఇవ్వండి. తర్వాతే పోటీలకు పంపండి: సీఎంఎస్ వాతావరణ్, నేచర్ ఇన్‌ఫోకస్, సాంక్చురీ ఏషియా, విదేశాల్లో వైల్డ్‌స్క్రీన్, జాక్సన్ వైల్డ్. ఫొటోల పోటీలకు రా ఫైలు, అంటే కెమెరా నుంచి వచ్చిన మార్చని అసలు ఫైలు అడుగుతారు, చెరిపేయకండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2017లో గెలిచిన ఒక ఫొటోలో ఉన్నది బతికున్న చీమలతినే జంతువు కాదు, గడ్డికూరిన బొమ్మ అని నిపుణులు అభిప్రాయపడటంతో 2018లో బహుమతి వెనక్కి తీసుకున్నారు.

బావురుపిల్లికి రెండో ఏడాది వెళ్లండి. అది రాత్రి తిరిగేది కాబట్టి ముందు నుంచి జంతువు వెళ్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్ తప్ప దారి లేదు, దానికి అటవీ శాఖ అనుమతి తప్పదు. ట్రాప్‌ను 40–50 సెంటీమీటర్ల ఎత్తులో, కాలిబాటకు కొంచెం ఏటవాలుగా, ఉత్తరానికో దక్షిణానికో చూసేలా కట్టండి. తూర్పు పడమరలకు చూస్తే ఎండకే వందల ఫొటోలు తీసుకుంటుంది. ముందున్న గడ్డి, వేలాడే ఆకు కోసేసుకోకుండా కెమెరానే జరపండి. ఈ పరికరాలు ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను పసిగడతాయి, మన ఎండాకాలంలో ఆ తేడా తగ్గిపోయి ముందు నుంచి జంతువు వెళ్లినా పలకవు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. పెద్ద పోటు గీత మడ మొదళ్ల మీద బురద మరకలా కనిపిస్తుంది, దానికి పైనే కట్టండి.

కోర్సుల గురించి. జువాలజీ చదివారు కాబట్టి రెండు దారులున్నాయి. శాస్త్రం లోతుగా కావాలనుకుంటే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి పీజీ కోర్సులున్నాయి. సినిమా కళ కావాలంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ఈ రంగానికి కేంద్రం, అక్కడ వైల్డ్‌లైఫ్ సినిమా మీదే ఎంఏ ఉంది, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఎక్కడ చేరినా చేతిలో ఒక పూర్తయిన సినిమాతో చేరితే మీకు దక్కేది రెట్టింపు. ఈ ఏడాది దేనికీ అప్పు చేయకండి.

బతకడం సంగతి. మొదటి మూడేళ్లు ఈ పని ఒక్కదానితో ఇల్లు గడవదని లెక్క వేసుకోండి. అందుకే పెళ్లిళ్లు మానవద్దన్నది. మీ పంచాంగమే మీకు సాయం: ధనుర్మాసం, పుష్యం, ఆషాఢం, మూఢం రోజుల్లో ముహూర్తాలుండవు. తాబేళ్ల కాలం మొదలు ధనుర్మాసం, పుష్యాలతో కలుస్తుంది, ఎడిటింగ్‌కు ఆషాఢం ఉంది. మాఘం, ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు తెగ ఉంటాయి, ఆ రెండు నెలలూ వారానికి ఒక్క ఉదయం తీరానికని మీ యజమానితో ముందే మాట తీసుకోండి. తర్వాత డబ్బు వచ్చేది ఎక్కువగా సంస్థల నుంచి: పరిరక్షణ సంస్థల ప్రచార చిత్రాలు, అటవీ శాఖ అవగాహన చిత్రాలు, పరిశోధకుల ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్. బయటి చిత్ర బృందాలు మన తీరానికి వచ్చినప్పుడు స్థానిక పరిశోధకురాలు, కెమెరా సహాయకురాలు, సౌండ్ రికార్డిస్ట్ కావాలి. తెలుగు, తీరం, తాబేలు మూడూ తెలిసిన మనిషి వాళ్లకు తేలిగ్గా దొరకదు. పత్రికలిచ్చే పారితోషికం మీద ఆశ పెట్టుకోకండి.

సంతకం చేసేముందు ఒకటి చూసుకోండి. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి యజమానులు. పెళ్లికి ఇది సరే. సంస్థకు తీసేటప్పుడు హక్కు మీదేనని, వాళ్లకు ఇన్నేళ్లు, ఈ దేశాల్లో, ఈ వాడకానికి లైసెన్సు ఇస్తున్నామని రాయించండి. హక్కు రాసిచ్చేటప్పుడు కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, దేశం రాయకపోతే భారత్‌గా తీసుకుంటుంది. అన్ని హక్కులూ శాశ్వతంగా అన్న వాక్యం కనబడితే ధర మూడింతలు అడగండి, లేదా కొట్టేయించండి.

ఇంట్లోవాళ్ల మాటను పక్కన పెట్టనక్కర్లేదు. పరీక్ష రాయాలనే ఉంటే ఏపీపీఎస్సీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టుకు జువాలజీ డిగ్రీ అర్హతే. ఆ పుస్తకాలు చదివితే మీరు తీయబోయే అడవి చట్టాలే చదువుతారు. ఈలోగా మొదటి నడకకు సంచిలో ఇవి పెట్టుకోండి: 70–300 లెన్సు, 30 సెంటీమీటర్ల స్కేలు, నోటుపుస్తకం, పెన్సిలు (తడిలో పెన్ను రాయదు), రెండు లీటర్ల నీళ్లు, రేంజ్ ఆఫీసు నంబరు. ఆ రోజు వీడియో తీయకండి. చివరిదాకా నడిచి, ఎన్ని కనిపించాయో రాసుకుని రండి. ఒక్కటీ కనిపించకపోతే సున్నా అని రాయండి, ఆ సున్నా కూడా లెక్కలోదే.